చేతిలో పెట్టే దానం, చెయ్యి పట్టుకునే దానం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. నా నోటికి ఉర్దూ వచ్చినంత సులువుగా తెలుగు రాదు. అయినా మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు, మన సావనీరును ఇరుగుపొరుగువారు కూడా చదువుతారు, గనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. తప్పులుంటే మన్నించండి. నా విద్యార్థుల తప్పులను నేను మన్నించినదానికంటే కొంచెం ఎక్కువగానే మన్నించండి.

నాకు ఇచ్చిన విషయం దానధర్మాలు. మొదట జకాత్ గురించి రాసుకున్నాను. ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి, నూటికి రెండున్నర రూపాయలు, ఇవన్నీ మీకు తెలిసిన లెక్కలే. మౌల్వీ సాహెబులు నాకంటే చక్కగా చెప్పగలరు. అందుచేత ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఒక చెయ్యి గురించి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉన్నది. అది చెప్పకుండా దానం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ల కిందటి మాట. నా క్లాసులో ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి గల్ఫ్‌కు పోయి, అక్కడ పని పోయి, అప్పుతో తిరిగి వచ్చి మంచం పట్టినాడు. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ నుంచి వచ్చినవారికి బీడీల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలు చుడితేగాని ఆ రోజు కూలి అనే మాట లేదు. ఆ పనికి పెట్టుబడి పది వేళ్లే.

ఏటా రంజాన్‌లో మన సొసైటీ తరఫున ఆ ఇంటికి నేనే సామాను తీసుకుపోయేవాణ్ణి. బియ్యం, నూనె, సేమియా, ఖజూర్, ఒక కవరు. మొదటి సంవత్సరం ఆ తల్లి రెండు చేతులతో అందుకుని దువా చేసింది. రెండవ సంవత్సరం కుడి చెయ్యి ఓఢ్నీ కింద దాచుకుని ఎడమ చేత్తో అందుకున్నది. నిజం చెబుతున్నాను, నాకు లోపల కోపం వచ్చింది. ఇచ్చేది అల్లా పేరు మీద, అందుకునేది ఎడమ చేత్తోనా, ఇంత తమీజ్ లేదా అనుకున్నాను. మూడవ సంవత్సరం తను బయటికే రాలేదు, కొడుకును పంపింది. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. సంచి గడపలో దించి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకుని, పక్క ఇంటికి పోయినాను.

ఆ చలికాలంలో పిల్లవాడు వారం రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లినాను. వాడు పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తున్నాడు. తల్లి మూలకు కూర్చున్నది. కుడి చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయినవి. చిటికెన వేలి మీద పెద్ద బొబ్బ. వేడి గిన్నె పట్టుకుంటే కాలిందట. కాలినట్టు తనకు తెలియనే లేదట.

"హాత్ సోగయా మాస్టర్ సాబ్," అన్నది. చెయ్యి నిద్రపోయింది, అని. ఎప్పటి నుంచి ఆపా అని అడిగితే, "రెండు రంజాన్లు అయినయ్" అన్నది.

అప్పుడు నాకు ఎడమ చెయ్యి గుర్తుకు వచ్చింది.

ఊళ్లో ఎవరో తాకత్ సూదులు వేసినారు. ఇంకొకరు తాయెత్తు కట్టినారు. ఆమెకు మనసులో తెలుసు, తెలిసి దాచింది. పెద్దరోగం అని నలుగురికి తెలిస్తే బీడీల కార్ఖానా నుంచి ఆకు ఇవ్వరు, రేపు ఆడపిల్లను ఎవరూ చేసుకోరు. ఇది ఆమె భయం. ఆ భయం వట్టిది అని ఇక్కడ ఉన్నవారిలో ఎవరైనా చెప్పగలరా?

ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించినాము. కుష్ఠువ్యాధి అన్నారు. మందు ఉచితంగా ఇచ్చినారు. దీని గురించి మన ఇళ్లల్లో ఇంకా తప్పు మాటలు తిరుగుతున్నవి గనుక వివరంగా చెబుతాను. ఈ వ్యాధి శాపం కాదు, వంశపారంపర్యం కాదు. 1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ దీనికి కారణమైన క్రిమిని కనుగొన్నాడు. ముట్టుకున్నంత మాత్రాన రాదు. చాలామంది శరీరానికి దీనిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. 1980ల నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. వ్యాధి తక్కువగా ఉంటే 6 నెలలు, ఎక్కువగా ఉంటే 12 నెలలు మింగాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి సోకే ప్రమాదం పోతుంది. దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరికంటే తక్కువ స్థాయికి 2005 చివరలో వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. కాని పూర్తిగా పోలేదు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసులలో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే.

మందు క్రిమిని చంపుతుంది. ముడుచుకున్న వేలిని మాత్రం చాపలేదు. క్రిమి నరాన్ని దెబ్బ తీస్తుంది. మోచేతి వెనక తగిలితే ఝుమ్మనే నరం ఉన్నది కదా, అది దెబ్బ తింటే చిటికెన వేలు, ఉంగరం వేలు స్పర్శ పోయి ముడుచుకుంటవి. నరం దెబ్బ తిన్న ఆరు నెలలలోపల వస్తే మందులతో ఆ నరాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. తరువాత ఆ అవకాశం తగ్గుతూ పోతుంది.

ఈ మాట నాకు చెప్పింది ఒక ఫిజియోథెరపిస్టు. కరీంనగర్‌లో పని చేసేది. తన పేరు సభలో చెప్పవద్దని నాతో మాట తీసుకున్నది గనుక చెప్పను. ఆమె నన్ను తిట్టలేదు. "మీరు ఏడాదికి ఒకసారి పోతరు కద సార్, ఇది ఏడాదికి ఒకసారి చూస్తే దొరికేది కాదు," అన్నది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇచ్చిన బియ్యం లెక్క రిజిస్టర్‌లో ఉన్నది. నేను చూడని చెయ్యి లెక్క ఎక్కడ రాయాలి?

ఇక ఆమె చేసిన పని వినండి. మొదటి రోజు ఒక బాల్ పెన్నుతో చెయ్యి మీద అక్కడక్కడ మెల్లగా ఆనించి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చూపించమన్నది. ఎక్కడ తెలుస్తున్నది, ఎక్కడ తెలియడం లేదు, బొమ్మ గీసి గుర్తు పెట్టుకున్నది. తరువాత నేర్పినది అతి మామూలు పని. మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు చెయ్యి నానబెట్టాలి. మొద్దుబారిన చర్మాన్ని రాయితో మెల్లగా రుద్దాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. చెయ్యిని తొడ మీద పెట్టుకుని, రెండవ చేత్తో వేళ్లను మెల్లగా చాపాలి. ఒకసారికి పది చొప్పున రోజుకు మూడు సార్లు. గిన్నె దించేటప్పుడు గుడ్డ పట్టాలి. రాత్రి పడుకునేముందు చేతులు, కాళ్లు వెలుతురులో చూసుకోవాలి, ఎందుకంటే నొప్పి చెప్పని చోట కన్ను చెప్పాలి.

ఇందులో ఖరీదైనది ఏమీ లేదు. నీళ్లు, రాయి, నూనె. ఖరీదైనది రోజూ చేయడం. వారం రోజులు మానితే కీలు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే ఆపరేషను చేసినా లాభం తక్కువ.

ఆమె తన పని అయిపోయిన తరువాత, వారానికి ఒకసారి బస్సు ఎక్కి ఆ ఇంటికి వచ్చేది. ఫీజు లేదు, చార్జీలు కూడా తీసుకునేది కాదు. ప్రతి నెలా తన సంపాదనలో ఒక రోజుది పక్కన పెట్టి, అరికాళ్లకు స్పర్శ లేనివారికి మెత్తటి రబ్బరు చెప్పులు కొనిచ్చేది. ఈ సంగతి నాకు చెప్పులు కుట్టే ఆయన ద్వారా తెలిసింది, ఆమె చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి చేసింది. రెండవ వారం వచ్చినప్పుడు వాకిట్లో కూర్చుని, పక్కింటివాళ్లు చూస్తుండగా, "అమ్మా, జర చాయ్ పొయ్యుండ్రి, తల నొస్తున్నది," అన్నది. ఆ తల్లి బిత్తరపోయింది. కొడుకు చేత చేయించబోయింది. "గట్ల కాదు, మీరే చెయ్యుండ్రి, గుడ్డ పట్టుకోని," అన్నది. ఆ ముడుచుకున్న చేతితో చేసిన చాయ్ తాగింది. నేను గడప బయట నిలబడి ఉన్నాను. నాలుగేళ్లుగా ఆ ఇంటికి పోతున్నాను, ఒక్కసారి కూడా మంచినీళ్లు అడిగి తాగలేదు. ఇచ్చేవాడు ఎప్పుడూ గడప దగ్గరే నిలబడతాడు. ఆ రోజు లోపలికి పోయి కూర్చున్నాను. నాకు కూడా ఒక గ్లాసు వచ్చింది.

పదిహేను రోజుల తరువాత పక్కింటి ఆవిడ మళ్లీ వచ్చి చేట పక్కన చేట పెట్టుకుని కూర్చున్నది. ఏ లెక్చరూ చేయని పని ఆ చాయ్ చేసింది.

ఇటువంటి సేవ మన ప్రాంతానికి కొత్త కాదు. మన పక్కనే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉన్నది. స్కాట్లండ్ నుంచి డాక్టర్ ఇసబెల్ కెర్ అనే ఆమె, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చింది. ఆయన పాదరీ, ఆమె వైద్యురాలు. నిజామాబాదులో వైద్యం చేస్తుంటే, ఎవరూ దగ్గరికి రానివ్వని కుష్ఠురోగులు ఆమె గుమ్మం ముందుకు వచ్చేవారు. వారికోసం వేరుగా ఆస్పత్రి కావాలనుకున్నది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చాడు. నిజాం ప్రభుత్వం సహాయం చేసింది. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి వెలసింది. వైద్యం చేసింది క్రైస్తవురాలు, ధనం ఇచ్చింది హిందువు, సర్కారు ముస్లిం పాలకునిది. రోగిని ఏ మతమని వారు అడగలేదు. మన జిల్లాల చరిత్రలో ఇది గర్వంగా చెప్పుకోదగిన పేజీ.

ఆ రోజుల్లో ఇప్పటి మందులు లేవు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనెను సూది ద్వారా ఎక్కించేవారు. చాలా నొప్పి. నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగేది. డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ అనే పరిశోధకుడు సూదితోపాటు మంచి తిండి, వ్యాయామం, ఒంటికి పని ఉండాలని గట్టిగా చెప్పేవాడు. అంటే థెరపీ అని ఈనాడు మనం అంటున్నదాని మొలకలు అప్పుడే ఉన్నవి. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో మరణించేదాకా ఆమె ఈ నేలమీదనే, ఈ రోగుల మధ్యనే ఉన్నది. ఇరవై అయిదేళ్లు. నర్సాగౌడ్ ధనం లేకపోతే ఆస్పత్రి గోడలు లేచేవి కావు. ఆ ఇరవై అయిదేళ్లు లేకపోతే ఆ గోడలు ఉత్త గోడలే.

తరువాత వెల్లూరులో ఇంకొక మలుపు వచ్చింది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఈ రోగుల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోవడం లేదని, నొప్పి తెలియకపోవడంవల్ల కాలి, కోసుకుని, పుండ్లు పడి అరిగిపోతున్నవని గ్రహించాడు. బాగున్న కండరాల స్నాయువులను (టెండన్లను) మార్చి కుట్టి, ముడుచుకున్న చేతిని తెరిచే ఆపరేషన్లు చేశాడు. కాని ఆపరేషనుకు ముందు వారాల తరబడి, తరువాత వారాల తరబడి వేళ్లకు వ్యాయామం చేయించేవారు లేకపోతే ఆ కత్తి పని వృథా. ఎందుకంటే ఇంతకాలం ఒక పని చేసిన కండరానికి కొత్త పని నేర్పాలి. పిల్లవాడికి అలిఫ్ బే నేర్పినట్టే. పంతులుగా ఈ మాట నాకు బాగా అర్థమయింది. మన హైదరాబాదులో కూడా వనపర్తి సంస్థానపు రాణీ కుముదినీ దేవి 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించింది. రాజకుటుంబపు స్త్రీ, తరువాత హైదరాబాదు మేయరు అయిన మనిషి, ఈ రోగుల మధ్యకు వచ్చింది.

మన కుటుంబాలకు సంబంధించిన ఒక చట్టం సంగతి కూడా చెప్పాలి. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్తకు కుష్ఠువ్యాధి ఉండడం విడాకులకు ఒక కారణంగా ఉండేది. హిందూ, క్రైస్తవ వివాహ చట్టాలలో కూడా ఇటువంటి మాట ఉండేది. 2019లో పార్లమెంటు ఆ మాటను ఈ చట్టాలన్నింటి నుంచి తీసివేసింది. రోగులను నిర్బంధించడానికి ఇంగ్లీషువారు చేసిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. చట్టం పుస్తకంలోంచి తీసివేసిన మాటను మన ఇళ్లల్లోంచి, పెళ్లి సంబంధాల మాటల్లోంచి కూడా తీసివేయవలసి ఉన్నది.

ఆ తల్లి సంగతి ముగిస్తాను. పన్నెండు నెలల మందు పూర్తయింది. వ్యాధి పోయింది. కొడుకు పొద్దున బడికి వచ్చేముందు, సాయంత్రం బడినుంచి పోయినాక అమ్మ వేళ్లు చాపేవాడు. నడుమ ఒకసారి పక్కింటి ఆవిడ చేయించేది. కీళ్లు బిగుసుకుపోలేదు గనుక ఆపరేషను చేయడానికి వీలయింది. చాలా వారాల తరువాత చెయ్యి తెరుచుకున్నది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు, ఇక రాదు. బీడీలు చుడుతున్నది గాని పాత వేగం లేదు. నేను రెండవ రంజాన్‌లోనే ఆ చెయ్యి చూసి ఉంటే ఎంత మిగిలేదో నాకు తెలియదు. అల్లాకే తెలుసు. ఇది నేను మోసుకుని తిరిగే బరువు. మీరు మోయవద్దు అనే ఇంత చెబుతున్నాను.

ఇచ్చిన తరువాత ఎత్తిపొడిస్తే దానం పాడైపోతుందని ఖురాన్‌లో హెచ్చరిక ఉన్నది. మనలో చాలామంది ఎత్తిపొడవము. కాని ఇచ్చి మరచిపోతాము. మరచిపోవడం వినయమని అనుకుంటాము. ఇచ్చిన సొమ్మును మరచిపోవాలి గాని, ఇచ్చిన మనిషిని కాదు గదా.

చివరగా సొసైటీ పెద్దలకు నాలుగు మనవులు.

ఒకటి. రంజాన్ సామాను పంచే మన వాలంటీర్లు ఒక్క పూట కూర్చుని నేర్చుకోవాలి. చర్మం మీద పాలిపోయిన, స్పర్శ తెలియని మచ్చ, తిమ్మిరి పట్టిన చెయ్యి, జారిపోయే చెప్పు, పూర్తిగా మూతపడని కన్ను, వీటిని గుర్తుపట్టాలి. గుర్తుపడితే వాడలో నలుగురికి చెప్పకుండా ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకుపోవాలి. పరీక్ష, మందు రెండూ ఉచితమే.

రెండు. సదకా సొమ్ములోనుంచి చిన్న నిధి వేరు చేయాలి. బస్సు చార్జీలకు, చెప్పులకు, ఆపరేషను కాలంలో ఆగిపోయిన కూలికి. జకాత్ సొమ్ము ఇందులో ఎవరికి, ఏ విధంగా ఇవ్వవచ్చునో ఉలమాను అడిగి నిర్ణయించుకుందాం. సదకాకు మతం అడ్డం రాదు. ఏ వాడ మనిషి అయినా సరే.

మూడు. ఇది ఒక్క కుష్ఠువ్యాధి సంగతి కాదు. పక్షవాతంతో మంచంలో ఉన్న పెద్దలున్నారు. నడవలేని, మాట రాని పిల్లలున్నారు. అందరికీ కావలసినది రోజూ ఇరవై నిమిషాలు చెయ్యి పట్టుకునే మనిషి. థెరపిస్టు ఒకసారి వచ్చి నేర్పగలదు, రోజూ రాలేదు. ఆ మిగతా ఆరు రోజులు ఎవరివి? మన యువకులు, రిటైరైన పెద్దలు, వీలున్న ఆడవారు పేర్లు ఇవ్వండి. వారానికి ఒక పూట చాలు. నా పేరు మొదట రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాను.

నాలుగవది చిన్నది. ఈసారి సామాను ఇవ్వడానికి పోయినప్పుడు గడప దగ్గర దించి రావద్దు. లోపల కూర్చోండి. మంచినీళ్లు అడగండి. ఎడమ చేత్తో అందుకుంటే కోపగించుకోకండి, కుడి చెయ్యి ఎట్లున్నదో అడగండి.

ఆ పిల్లవాడు ఇంటర్ పాసయి, ఫిజియోథెరపీ కోర్సు చదువుతానని నా దగ్గరికి వచ్చినాడు. ఫీజు సంగతి పెద్దలతో విడిగా మాట్లాడతాను, సభలో అడగను. వాడి వేళ్లకు ఆ పని ఇప్పటికే సగం వచ్చు అని మాత్రం హామీ ఇవ్వగలను.

అల్లా మన చేతులకు ఇచ్చే శక్తిని, మన కళ్లకు చూసే శక్తిని కూడా ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.